కనబడని చిల్లు

సైకిలు చక్రమునకు కలుగు కష్టములు రెండు విధములు. మేకు గ్రుచ్చుకొని గాలి యంతయు ఒక్కసారిగా పోవుట మొదటిది. సాయంకాలము గట్టిగా నున్న చక్రము తెల్లవారునప్పటికి మెత్తబడి యుండుట రెండవది. మొదటిదానికి కారణము కంటికి కనబడును. మేకును పెరికి, చిల్లును పూడ్చి ముందుకు సాగవచ్చును. రెండవదానికి మేకు లేదు, చప్పుడు లేదు, చిల్లు కనబడదు. గాలి కొట్టినచో చక్రము మరల బాగుగనే యుండును. మరునాటి ఉదయమునకు మరల మెత్తబడును. ఒక విధముగా చూచినచో పెద్ద చిల్లు కంటె ఈ చిన్న చిల్లే మనుష్యుని బుద్ధికి గట్టి పరీక్ష.

ఈ దోషమును చిన్నదని ఉపేక్షింపరాదు. గాలి తగ్గిన చక్రము రాతికి తగిలినప్పుడు టైరు అణగిపోయి, రాతి దెబ్బ నేరుగా రిమ్మునకు తగులును. దానిచే రిమ్ము అంచు వంగును. కొండదారిని దిగుచు మలుపు తిరుగునప్పుడు, మెత్తబడిన టైరు రిమ్ము అంచును విడిచి ప్రక్కకు జరుగవచ్చును. అప్పుడు మిగిలిన గాలియు ఒక్కసారిగా పోయి, ఎక్కినవాడు క్రింద పడును. ఊరికి దూరముగా నున్నచోట ఇట్టి యాపద కలిగినచో సహాయము దొరకుట కష్టము. ఇంటియొద్ద తీరికగా కారణమును వెదకినవాడు దారిలో ఈ కష్టమును తప్పించుకొనును.

గాలి చక్రము పుట్టి చాలకాలమైనది. 1845 వ సంవత్సరమున రాబర్టు విలియం థామ్సన్ అను స్కాట్లండు దేశీయుడు గాలి నింపిన చక్రమునకు పేటెంటు పొందెను. కాని సైకిలు అప్పటికి ప్రచారములోనికి రాలేదు. ఆ కల్పన మరుగున పడెను. తరువాత బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడుచక్రముల బండికొరకు గాలి టైరును చేసి, 1888 లో దానికి పేటెంటు పొందెను. ఆ టైరులు రిమ్మునకు గట్టిగా అంటింపబడి యుండుటచే వాని మరమ్మతు మిక్కిలి కష్టముగా నుండెడిది. 1891 లో ఫ్రాన్సు దేశమునందు మిషలిన్ సోదరులు సులభముగా ఊడదీయదగిన టైరును సిద్ధపరచి ఆ కష్టమును తగ్గించిరి.

అది మొదలు చిరకాలము సైకిలు చక్రములో టైరునకు లోపల ట్యూబు ఉండుటయే వాడుక. గాలిని పట్టియుంచుట ట్యూబు పని; ఆ ట్యూబును కాపాడుట టైరు పని. మన పల్లెలలోని సైకిలు దుకాణమువాడు ట్యూబును వెలికి తీసి, గాలి కొట్టి, నీళ్లతొట్టిలో ముంచి, బుడగలు లేచినచోట గుర్తు పెట్టి, ప్యాచి వేయును. ట్యూబునకు చిల్లు లేకున్నచో అతడు వాల్వును చూచును. అందలి సన్నని రబ్బరు గొట్టము, అనగా వాల్వు ట్యూబు, చివికిపోయినను గాలి మెల్లగా జారిపోవును. గాలిని పట్టియుంచునవి ట్యూబు, వాల్వు అను రెండే గనుక ఈ వెదకులాట అంత కష్టము కాదు.

ట్యూబులేని చక్రములో సంగతి వేరు. మోటారుకార్లలో ఇట్టి చక్రములు ఇరువదవ శతాబ్దము నడుమనే వాడుకలోనికి వచ్చెను. 1999 లో ఫ్రాన్సు దేశమునందలి మావిక్ సంస్థ, మిషలిన్, హచిన్సన్ అను టైరు సంస్థలతో కలిసి, కొండదారులలో నడచు సైకిళ్లకు ట్యూబులేని చక్రముల పద్ధతిని ప్రవేశపెట్టెను. ఇందు టైరు, రిమ్ము, వాల్వు అను మూడును కలిసియే గాలిపాత్ర యగుచున్నవి. టైరు అంచులు రిమ్ము లోపలి గట్టులకు గాలి ఒత్తిడిచే బిగిసి యుండవలెను. స్పోకులు బిగించుటకై రిమ్ము పై భాగమున నుండు రంధ్రములను సాధారణముగా ఒక పట్టీతో మూసివేయుదురు. వాల్వు మొదట నుండు రబ్బరు, రిమ్ము రంధ్రమును గట్టిగా కప్పవలెను. ఇన్ని కలియికలలో ఏ యొక్కటి వదులైనను గాలి నిలువదు.

ఈ చక్రములు పెక్కింటిలో సీలెంటు అను పాలవంటి ద్రవమును పోయుదురు. నీటిలో రబ్బరు కణములు తేలుచుండునట్లు చేసిన ద్రవమిది. రబ్బరు చెట్టునుండి కారు పాలే అనేక సీలెంట్లకు ఆధారము. ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు గాలితోపాటు ఈ ద్రవము చిల్లులోనికి తోసికొనివచ్చును. అక్కడ రబ్బరు కణములు ఒకదానికొకటి అంటుకొని గడ్డకట్టి, చిల్లును పూడ్చును. మన పొలముగట్లపై కాళ్లకు గ్రుచ్చుకొను పల్లేరుకాయ అమెరికా పశ్చిమభాగమునను సైకిళ్లకు గొప్ప శత్రువు. అట్టి ముండ్లవలన కలుగు సన్నని చిల్లులను సీలెంటు దారిలోనే మూసివేయుచుండుటచే, ట్యూబులేని చక్రములు అక్కడివారికి ప్రీతిపాత్రములైనవి.

ఐతే ఈ ద్రవమునకు రెండు కొరతలు కలవు. మొదటిది, ఇది కొన్ని నెలలలో ఎండిపోవును. వేడిప్రదేశములందు మరింత త్వరగా ఎండును. రెండవది, సైకిలు కదలక నిలిచియుండునప్పుడు ఇది అడుగునకు చేరును. టైరు పైభాగమున చిల్లులున్నచో అచటికి అందదు. ప్రతిదినము తిరుగు చక్రముకంటె మూలబడియున్న చక్రము త్వరగా గాలి కోలుపోవుటకు ఇదియొక కారణము.

గాలి తగ్గినదనగానే దోషమును వెదుకనారంభింపరాదు. నిజముగా దోషమున్నదా యని మొదట తేల్చుకొనవలెను. ఏ రబ్బరును గాలిని సంపూర్ణముగా ఆపజాలదు. 1937 లో కనిపెట్టబడిన బ్యుటైల్ రబ్బరు, సహజ రబ్బరుకంటె ఎన్నోరెట్లు బాగుగా గాలిని ఆపును. కావుననే కారు టైరుల లోపలివైపున ఆ జాతి రబ్బరు పొరను పరచుదురు. తేలికదనము కోరి చేసిన సైకిలు టైరులు పెక్కింటికి అట్టి పొర యుండదు. వాని ప్రక్కగోడలలోని సన్నని రంధ్రములను సీలెంటే పూడ్చవలెను. క్రొత్తటైరు మొదటి ఒకటి రెండు దినములు గాలి వదలుట సహజము. అది దోషము కాదు.

వాతావరణపు వేడిమియు మనుష్యుని భ్రమపెట్టును. చక్రములోని గాలి చదరపు అంగుళమునకు 30 పౌనుల ఒత్తిడి కలదని గేజి చూపినదనుకొందము. వెలుపలి వాయుమండలపు ఒత్తిడి సుమారు 15 పౌనులు. కావున లోపలి గాలి నిజమైన ఒత్తిడి సుమారు 45 పౌనులు. వేడిమి 33 డిగ్రీలనుండి 23 డిగ్రీల సెంటిగ్రేడునకు తగ్గినచో, ఈ ఒత్తిడి ముప్పదింట ఒకవంతు, అనగా పౌనున్నర తగ్గును. ఒక్క చుక్క గాలియైనను వెలుపలికి పోకుండగనే మధ్యాహ్నము 30 చూపిన గేజి తెల్లవారుజామున 28½ చూపును. కావున ఒకే వేళకు, ఒకే నీడలో చక్రమును పరీక్షించువాడే సత్యమును తెలిసికొనును. గేజిని తగిలించునప్పుడెల్ల కొంచెము గాలి పోవునన్న సంగతియు మరువరాదు. చిన్న సీసాలలోని బొగ్గుపులుసు వాయువుతో చక్రమును నింపుకొనువారు మరియొక విషయము గమనింపవలెను. ఆ వాయువు మామూలు గాలికంటె త్వరగా రబ్బరుగుండ జారిపోవును. మరునాటికి చక్రము మెత్తబడినంతమాత్రమున టైరునందు తప్పు లేదు.

ఇట్టి సహజకారణములు కావని తేలినపిమ్మట, గాలి పోవుటకు వీలుగల దారులను లెక్కింపవలెను. అవి ముఖ్యముగా ఐదు: వాల్వులోని పిన్ను, వాల్వు మొదటి రబ్బరు, రిమ్ము పట్టీ, టైరు అంచు, టైరు ఒడలు. లెక్కలేని చోట్ల వెదకుటకంటె ఐదు చోట్ల వెదకుట సులభము.

పరీక్షకు పెద్ద పరికరములు అక్కరలేదు. మొదట టైరును, రిమ్మును కడిగి మట్టి పోగొట్టవలెను. పిదప టైరుపై ముద్రించిన హద్దు దాటకుండ గాలి నింపవలెను. త్వరగా తేలునను ఆశతో హద్దు మించి నింపుట అపాయకరము. టైరు రిమ్మునుండి పెల్లున ఊడిపోవచ్చును. తరువాత చక్రమును త్రిప్పి వాల్వు పైభాగమునకు వచ్చి దాని కొన క్రిందికి తిరిగియుండునట్లు నిలిపి, వాల్వు కొనను ఒక గ్లాసు నీటిలో ముంచవలెను. కొననుండి బుడగలు వచ్చినచో దోషము పిన్నుదే. ఇది అన్నిటికంటె సులభమైన పరీక్ష, అన్నిటికంటె చౌకయైన మరమ్మతు. కావున దీనితోనే ప్రారంభించుట మేలు.

అచట బుడగలు లేనిచో సబ్బునీటిని గాని, కుంకుడుకాయ రసమును గాని చక్రమంతటను కుంచెతో పూయవలెను. టైరు నడుమ ఒకేచోట బుడగ పెరుగుచున్నచో అక్కడ ముల్లో గాజుపెంకో దిగినదని గ్రహింపవలెను. ప్రక్కగోడపై చెమటపట్టినట్లు సన్నని నురుగు వరుసగా కనబడినచో టైరు ఒడలినుండి గాలి ఊరుచున్నది. టైరునకును రిమ్మునకును నడుమ నురుగు లేచినచో అంచు సరిగా కూర్చుండలేదు, లేదా అచట ఎండిన సీలెంటు పెళ్లలు అడ్డుపడినవి. నురుగున తేలనంత సన్నని దోషమైనచో చక్రమును కొంచెము కొంచెముగా నీళ్లతొట్టిలో ముంచి చూడవలెను. ముంచినవెంటనే లేచు బుడగలను నమ్మరాదు. అవి టైరు గాట్లలో చిక్కుకొన్న వెలుపలి గాలివి. కొంతసేపు ఆగినపిమ్మట ఒకేచోటనుండి తెంపులేక వచ్చు బుడగలే సాక్ష్యము. కనబడినచోట వెంటనే సుద్దతో గుర్తుపెట్టవలెను.

ఇంతవరకు బుడగ కనబడినచోటనే దోషముండును. స్పోకులయొద్దగాని, రిమ్ము అతుకునొద్దగాని బుడగలు కనబడినప్పుడు మాత్రము తొందరపడరాదు. వానకాలమున పెంకుటింట నీరు కారుచున్నదనుకొందము. నీరు పడినచోటికి సరిగా పైననే పెంకు పగిలియుండునను నమ్మకము లేదు. ఎచటనో పగిలిన పెంకుక్రింద దిగిన నీరు వాసము వెంబడి పారి, మరియొకచోట చినుకుగా రాలును. తెలిసిన పనివాడు చినుకును కాదు, వాసమును చూచును.

చక్రమునను అట్లే జరుగును. రిమ్ము లోపల బోలుగా నుండును. పట్టీ ఒకచోట లేచినచో గాలి ఆ బోలులోనికి దిగి, రిమ్మంతయు తిరిగి, తనకు దారి దొరకినచోట వెలుపలికి వచ్చును. ఆ దారి స్పోకు మొదలు కావచ్చును. రిమ్ము అతుకు కావచ్చును. వాల్వు రంధ్రమైనను కావచ్చును. బుడగలు వచ్చిన స్పోకునొద్ద ఎంత మందు పూసినను ప్రయోజనముండదు. ఆ దారి మూసినచో గాలి ప్రక్కదారిని వచ్చును. స్పోకుల మొదళ్లయొద్ద తెల్లని సీలెంటు చారలు కనబడినను అర్థమిదియే: పైన పట్టీ తన పని చేయుటలేదు.

వాల్వు రంధ్రమునొద్ద లేచు బుడగలు మరింత చిక్కు కలిగించును. అవి వాల్వు మొదటి రబ్బరునుండి రావచ్చును. దూరముననున్న పట్టీ లోపమునుండియు రావచ్చును. అప్పుడు వాల్వు మరను చేతితో కొంచెము బిగించి చూడవలెను. బుడగలు తగ్గినచో దోషము ఆ రబ్బరుది. ఏమార్పును లేనిచో పట్టీని అనుమానింపవలెను. మరను పటకారుతో బిగింపరాదు. దారిలో ఎప్పుడైన ట్యూబు వేసికొనవలసివచ్చినచో, చేతితో ఊడని మర పెద్ద యాటంకమగును.

పెక్కుమంది పొరపడునది ఇచటనే. ఒక విద్యార్థి చక్రములో రాత్రి 30 పౌనులున్న ఒత్తిడి ప్రతి ఉదయమును 20 కి దిగుచున్నదనుకొందము. అతడు విసిగి ఒకేదినమున క్రొత్త పిన్ను వేసి, వాల్వు మర బిగించి, సీలెంటు పోసి, టైరునుకూడ మార్చెను. గాలి నిలిచెను. కాని ఏ పనిచే నిలిచెనో అతనికి తెలియదు. పాతటైరు నిర్దోషి కావచ్చును. దానిని వృథాగా పారవేసియుండవచ్చును. అసలు దోషము పట్టీలో నున్నచో, క్రొత్త సీలెంటు ఎండినంతనే కథ మొదటికి వచ్చును. అప్పుడు అతడు మరల మొదటినుండి వెదుకవలసినదే.

మరియొక విద్యార్థి ఒకదినమున పిన్ను మాత్రమే బిగించి, రాత్రి ఎంత యున్నదో, ఉదయమున ఎంత యున్నదో పుస్తకమున వ్రాసికొనెను. 20 కే దిగెను. పిన్ను దోషి కాదని తేలెను. మరునాడు వాల్వు మర బిగించెను, మార్పులేదు. మూడవనాడు చక్రమును కదలించి సీలెంటును అన్నివైపులకు పారించెను, 21 నిలిచెను. నాలుగవనాడు టైరు విప్పి పట్టీని చూడగా, ఒక స్పోకు రంధ్రముపై అది ముడుతపడియుండెను. ఇతనికి నాలుగు దినములు పట్టెను. కాని పట్టీ మార్చినపిమ్మట గాలి నిలిచినప్పుడు, అది ఎందుకు నిలిచినదో ఇతడు చెప్పగలడు. ఒకసారి ఒక మార్పు మాత్రమే చేయుట, చేసినదానిని వ్రాసికొనుట అను రెండు నియమములే ఇతనికి తోడ్పడినవి. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో పాటించు నియమములును ఇవియే.

దోషము తెలిసినపిమ్మట మరమ్మతు సులభము. పిన్ను వదులైనచో బిగింపవలెను. సీలెంటు గడ్డకట్టి మూసుకొనక యున్నచో కడుగవలెను, లేదా మార్చవలెను. టైరు ఒడలు ఊరుచున్నచో తగినంత సీలెంటు పోసి, చక్రమును బకెటుమీద పడుకోబెట్టి, ఒక్కొక్క ప్రక్కను కొంతసేపుంచి, నడుమ నడుమ త్రిప్పుచుండవలెను. పిదప కొంతదూరము తొక్కినచో ద్రవము అంతటను వ్యాపించును. టైరు అంచునందు దోషమున్నచో గాలి తీసి, ఎండిన పెళ్లలను తుడిచి, అంచులకు సబ్బునీరు పూసి, మరల గాలి నింపవలెను. పట్టీ చెడినచో పాతదానిని పూర్తిగా తీసి, రిమ్మును జిడ్డులేకుండ స్పిరిటుతో తుడిచి ఆరనిచ్చి, రిమ్ము లోపలి వెడల్పునకు సరిపోవు క్రొత్తపట్టీని ముడుతలు లేకుండ లాగి చుట్టి, రెండు కొనలను ఒకదానిపై నొకటి వచ్చునట్లు అంటింపవలెను. ఇన్నిటిలో టైరును పారవేయవలసినది కోత పెద్దదైనప్పుడును, లోపలి దారములు తెగినప్పుడును మాత్రమే.

పూర్వపు సైకిలునకును నేటి సైకిలునకును చక్రములలో భేదము కలదు గాని, దోషమును వెదకు బుద్ధిలో భేదము లేదు. తొట్టిలో ట్యూబును ముంచి ఓపికగా బుడగకై చూచు దుకాణమువాడును, క్రొత్తరకపు చక్రమునకు నురుగు పూసి పరీక్షించు యువకుడును ఒకే విద్యను అభ్యసించుచున్నారు. ఊహించినది నిజమని నమ్మక, నిజమైనదానిని ఊహకు సాక్ష్యముగా కోరుటయే ఆ విద్య. అది అలవడినవానికి ఇంటి పైకప్పు కారినను, నూతి పంపు పనిచేయకున్నను, లెక్కలో తప్పు దొరలినను, ఎచట ప్రారంభింపవలెనో తెలియును.

ప్రశ్నలు

1. ట్యూబు గల చక్రములో గాలిని పట్టియుంచునవేవి? ట్యూబులేని చక్రములో ఏవి?
2. గాలి వెలుపలికి పోకుండగనే గేజి తక్కువ ఒత్తిడిని చూపుటకు కారణమేమి? ఉదాహరణముతో వివరింపుము.
3. స్పోకు మొదట బుడగలు వచ్చినంతమాత్రమున దోషము అచటనే యున్నదని ఏల చెప్పరాదు? పెంకుటింటి ఉదాహరణముతో పోల్చి వ్రాయుము.
4. ఇద్దరు విద్యార్థుల పద్ధతులలో నీకు ఏది మేలుగా తోచినది? ఏల?
5. నీ యింటిలో చెడిన ఒక వస్తువును తీసికొని, దాని దోషమునకు కారణములు కాదగినవానిని వరుసగా వ్రాసి, దేనిని మొదట పరీక్షింతువో తెలుపుము.